తిరుగని బండి

పాత యిటాలియను స్పోర్ట్సుకార్లను గూర్చి వ్రాయువారు వాని రూపమును వర్ణింతురు, ధ్వనిని వర్ణింతురు, వేలములో పలికిన వెలను మరింత యుత్సాహముతో వర్ణింతురు. వానిని బాగుచేయువాని పనిని వర్ణించువా రరుదు. ఇది న్యాయమని మాకు తోపదు.

ఫెరారీ 308 జీటీబీని దృష్టాంతముగా గైకొందము. 1975లో పారిస్ మోటారు ప్రదర్శనమున వెలువడిన యీ బండికి రూపము తీర్చినది పినిన్‌ఫరీనా సంస్థ. ఎనిమిది సిలిండర్ల యింజను ఆసనముల వెనుక అడ్డముగా నుండును. దాని నాలుగు కామ్‌షాఫ్టులను త్రిప్పునవి రెండు పండ్ల రబ్బరు బెల్టులు. చూడబోయిన పిండిమర బెల్టునకు తమ్ముళ్లు! కాని యింజను నడుచుచుండగా వానిలో నొకటి తెగినచో, వాల్వులు తెరచినవి తెరచినట్లే నిలిచిపోవును. పిస్టనులు మాత్ర మాగవు. అవి పైకివచ్చి మోదగా వాల్వులు వంగును. ఇందుకు నిమిషమైన పట్టదు.

ఈ బెల్టుల యాయువు మైళ్లతోనే గాక యేండ్లతోను కొలువబడును. మూడేండ్లకో అయిదేండ్లకో మార్పవలెనని తెలిసినవారు చెప్పుదురు. మఖమలు దుప్పటి కప్పి కొట్టములో దాచినను రబ్బరు ముదియక మానదు. పెట్రోలు ఆవిరియై, తొలి బండ్లలోని నాలుగు వెబరు కార్బురేటర్ల సన్నని రంధ్రములలో జిగురు మిగుల్చును. ఆయిలు సీళ్లు ఎండి బిరుసెక్కును. బ్రేకు ద్రవము గాలిలోని చెమ్మను పీల్చుకొనును. అయినను "ఇది మిగుల తక్కువ తిరిగిన బండి" యని హెచ్చు ధర యడుగుదురు, కొనువారును తలయూపుదురు. పుస్తకమును విప్పక, అట్ట నలగలేదని మురియువానికిని వీరికిని భేదమేమి? కొనబోవువాడు మైళ్ల లెక్కకు ముందు బెల్టు మార్చిన తేదీ నడుగవలెనని మా యభిప్రాయము.

ఆ మార్చు విధానము చూడదగినది. వెనుక చక్రమును తీసి, దాని గూటినుండి చేయి చొప్పించి, మూతలు విప్పుదురు. ఇంజనును గుర్తునకు త్రిప్పి నిలిపి, నాలుగు కామ్‌షాఫ్టుల గీతలును తమతమ గీతలతో కలిసినవో లేదో చూతురు. ఒక్క పన్ను తప్పినను యింజను సరిగా నడువదు. క్రొత్త బెల్టులు వేసి, బిగువు సరిచూచి, స్టార్టరు జోలికి పోక, రెంచితో క్రాంకుషాఫ్టును రెండు పూర్తి చుట్లు త్రిప్పి మరల గీతలు చూతురు. ఎచ్చటనైన గట్టిగా తగిలినచో మనుష్యుని చేయి యాగును, స్టార్టరు ఆగదు. బిగువునిచ్చు కప్పీల బేరింగులను గూడ అప్పుడే మార్చుట వివేకము. ఇంత చేసి మూతలు బిగించిన పిమ్మట బయటికి కనబడున దేమియు లేదు. అందుచేతనే కాబోలు, రంగునకు అడిగినంత పోయువాడు బెల్టునకు బేరమాడును!

భాగములు మార్చినచో బండి యసలుతనము చెడదా యని కొందరి శంక. ఇంజను, గేరుపెట్టె, చట్రము పుట్టినప్పటివేనా యని విచారించుట యుక్తమే. బెల్టు, గొట్టము, సీలు ఆ కోవలోనివి కావు; అవి యరుగుటకే పుట్టినవి. మన యాలయశాస్త్రములలో జీర్ణోద్ధారణము విహితమే గదా! ఇక ఇగ్నిషను పాయింట్లు తీసి యెలక్ట్రానికు సాధనము పెట్టుటను గూర్చి వాదము తెగలేదు. పాత భాగములను పెట్టెలో భద్రపరచి బండితో నిచ్చినచో మాకు ఆక్షేపణము లేదు. మార్చిన సంగతిని దాచి యమ్ముట మాత్రము మోసమే.