దమ్ము కోసం కిందికి

1952 అక్టోబరులో మా తమ్ముడికి కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. పదకొండేళ్లవాడు. పడుకుంటే ఊపిరి అందేది కాదు. రాత్రంతా ముందుకు వంగి, ఒళ్లో దిండు పెట్టుకుని దానిమీద తల ఆనించి కూచునేవాడు. ఆలస్యం చేయకుండా మద్రాసు తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. రైలయితే మర్నాటికి గాని చేరం. బాపు రెండెకరాల తరి కుదువ పెట్టి, బేగంపేటలో విమానానికి మూడు టికెట్లు కొన్నాడు. నాకప్పుడు పదిహేడేళ్లు.

అది డకోటా. అమెరికాలో డగ్లస్ కంపెనీ 1935లో ప్రయాణికుల కోసం చేసిన డీసీ-3కే, యుద్ధం వచ్చాక నేల గట్టిపరిచి, జీపు పట్టేంత తలుపు పెట్టి, సైన్యం కోసం వేలకు వేలు తయారుచేశారు. అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సామాను మోసినవాటిలో ఇవీ ఉన్నాయి. యుద్ధం ముగిశాక మిగిలినవి అమ్మకానికి పెడితే మనవాళ్లు కొన్నారు. బెంగుళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో వాటికి సీట్లు బిగించి ప్రయాణికుల విమానాలు చేశారు. ఇదంతా నేను తర్వాత చదువుకున్నది. ఆనాడు నా కళ్లకు కనపడింది దాని నేల ఒక్కటే. ఆ విమానం తోక కిందికి ఆన్చి, ముక్కు పైకెత్తి నిలబడుతుంది. లోపల సీటు దాకా ఎగువకు నడవాలి. బాపు ఎత్తుకుని నడిచినా తమ్ముడు రొప్పాడు. నేల రేకులో అక్కడక్కడ చిన్న గుంటల్లో ఇనప కడియాలున్నాయి. సామాను కదలకుండా తాళ్లు కట్టడానికి వేసినవి. సీట్లు వచ్చినా అవి అలాగే ఉండిపోయాయి.

కృష్ణ దాటేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఎదురుగా మబ్బు గోడలా నిలబడింది. అలాంటి ఉరుము మబ్బులు నలభై వేల అడుగులు దాటి లేస్తాయి, డకోటా వాటి మీదుగా పోలేదు. మబ్బుల మధ్య సందు చూసుకుంటూ కెప్టెన్ ఎత్తు పెంచుతూ పోయాడు. విమానం లోపల గాలి ఒత్తిడి నిలబెట్టే ఏర్పాటు దానికి లేదు. బయట గాలి ఎంత పల్చనైతే లోపలా అంతే. పదివేల అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టం కంటే 30 శాతం తక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాడికి కాస్త తలనొప్పి వస్తుందేమో. మా తమ్ముడికి మాత్రం గోళ్లు నీలంగా మారాయి, తర్వాత పెదవులు.

“బాపూ, దమ్ము ఆడ్తలేదు” అన్నాడు. తర్వాత ఆ మాట అనడానికి కూడా వాడికి ఊపిరి చాలలేదు. మెడ దగ్గర చర్మం ప్రతి శ్వాసకీ లోపలికి గుంట పడుతోంది.

నేను సీట్లు పట్టుకుంటూ ముందుకు పోయి వైర్‌లెస్ ఆఫీసరుకు చెప్పాను. ఆయన వచ్చి వాడి చేతి గోళ్లు చూసి, ఏమీ అనకుండా కెప్టెన్ దగ్గరికి వెళ్లాడు. తిరిగి వచ్చి అందరికీ వినపడేలా చెప్పాడు: పిల్లాడి కోసం కిందికి దిగుతున్నాం, కింద గాలి మోటుగా ఉంది, బెల్టులు బిగించుకోండి. మా వెనక సీట్లోని పెద్దాయన, “దించుండ్రి సార్, పోరని పానం ముఖ్యం” అన్నాడు. ఆ మాటకు నేను బతికున్నన్నాళ్లూ రుణపడి ఉంటాను. ఎందుకంటే ఆ తర్వాత పడ్డ బాధలో ఆయనకూ సమంగా వాటా వచ్చింది.

తమ్ముడు వెనక్కి వాలలేడు, బెల్టు పొట్టమీద బిగిస్తే ఊపిరి తీయలేడు. బాపు బెల్టు విప్పి, వాణ్ణి కూచున్నట్టే రెండు చేతుల్లో బంధించి పట్టుకున్నాడు. నేను కింద కూలబడి, ఒక చేతి వేళ్లు ఇనప కడియంలో దూర్చి, రెండో చేత్తో వాడి మోకాళ్లు పట్టుకున్నాను. విమానం ఉన్నట్టుండి కిందికి జారేది. ఒళ్లు గాల్లోకి లేచి, మళ్లీ దబ్బున నేలమీద పడేది. కడియం వేళ్లను కోసింది. కిటికీ చట్రం నుంచి వాన నీరు లోపలికి కారుతోంది. మెరుపు వెలుగులో రెక్క పైకీ కిందికీ ఊగడం చూశాను. విరుగుతుందనే అనుకున్నాను. అటూ ఇటూ జనం వాంతులు చేసుకుంటున్నారు. ఒకావిడ బిగ్గరగా దేవుణ్ణి తలుచుకుంటోంది.

ఆ రెక్క విరగలేదు. డకోటాలను డొక్కు విమానాలని చాలామంది తీసిపారేస్తారు, నేను మాత్రం ఆ మాట ఒప్పుకోను.

కాసేపటికి తమ్ముడి పెదవుల్లో నీలం తగ్గింది. కుదుపులు తగ్గలేదు గాని వాడు కళ్లు తెరిచి నా చేతి నెత్తురు చూశాడు. వాడు బాపు పంచెను పిడికిట్లో గట్టిగా పట్టుకున్నాడు. బాపు వాడి వీపు మీంచి చేయి తీయలేదు, నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

మీనంబాకంలో దిగాక కెప్టెన్ మా దగ్గరికి వచ్చాడు. ముందు అద్దాల సందుల్లోంచి కారిన వానకు ఆయన చొక్కా, ప్యాంటు తడిసి ఒంటికి అంటుకున్నాయి. తమ్ముడి గడ్డం కింద వేలు పెట్టి మొహం ఎత్తి చూశాడు. బాపు కాళ్లమీద పడబోతే భుజాలు పట్టి లేపాడు. తానే వెళ్లి కారు మాట్లాడి పంపించాడు.

ఆ సాయంత్రమే ఆసుపత్రిలో పక్కటెముకల మధ్య లావుపాటి సూది దించి పసుపు రంగు నీరు తీశారు. సగం తీసేసరికే వాడు మంచినీళ్లు అడిగాడు. క్షయ అని తేలింది. స్ట్రెప్టోమైసిన్ సూదులు నెలల తరబడి పడ్డాయి. ఆ ఖర్చుకు మిగతా పొలం కూడా కుదువకు పోయింది. తమ్ముడు బడికి వెళ్లడం మళ్లీ మొదలుపెట్టింది ఏడాది దాటాకే.