భీమిలిలో ఏం చేస్తార్రా?

మా ఆఫీసులో సోమవారం పొద్దున ఎవరి మొహం ఎక్కువ వాడిపోయి ఉంటే వాళ్ళు వీకెండ్ ట్రిప్‌కి వెళ్ళొచ్చారని లెక్క. శుక్రవారం రాత్రి బస్సు, శనివారం ఏడు ‘స్పాట్లు’, ఆదివారం ఇంకో అయిదు, మళ్ళీ రాత్రి బస్సు. ఫోన్లో నాలుగొందల ఫొటోలు, నడుంలో నొప్పి. దానికి మనం పెట్టుకున్న పేరు రిలాక్సేషన్!

మేం మొన్న ఫిబ్రవరిలో వెళ్ళిన ట్రిప్‌లో చూసినవి తక్కువ. దాని ప్లానింగ్‌కి మాత్రం మూడు వారాలు పట్టింది. ఖాళీగా కూర్చోడానికి అంత ప్లానింగ్ ఎందుకని నవ్వకండి. ఖాళీగా ఉండాలంటేనే ముందు చాలా వాటిని తీసి పక్కన పెట్టాలి. పైగా మా ప్లాన్‌లో ఇంకో చిక్కు ఉంది.

మేం నలుగురం ఇంజినీరింగ్ హాస్టల్లో ఒకే రూమ్. పేర్లు ఎందుకులెండి, హాస్టల్ పేర్లే చెప్తాను. మేనేజర్‌గాడు, బాబాయి, సిక్కోలు, నేను. సిక్కోలుది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. కిందటి జూన్‌లో వాడు పనిచేసే కంపెనీలో టీమ్ మొత్తాన్ని తీసేశారు. రెండు నెలలు హైదరాబాద్‌లో అద్దె కట్టుకుంటూ వెతికాడు. తర్వాత సామానంతా సర్దుకుని ఊరెళ్ళిపోయాడు. అప్పటి నుంచి మేం ఏ ప్లాన్ వేసినా వాడికి ఏదో ఒక పని. గోవా అంటే ఇంట్లో పెళ్ళి. కూర్గ్ అంటే నాన్నకి కంటి ఆపరేషన్. లింక్డ్‌ఇన్‌లో ఫొటో చుట్టూ కొన్నాళ్ళు ఆకుపచ్చ వృత్తం పెట్టుకున్నాడు, తర్వాత అదీ తీసేశాడు. గ్రూప్‌లో మెసేజ్‌లకి బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకునేవాడు. హాస్టల్లో రాత్రి రెండింటికి కూడా నోరు మూయనివాడు!

జనవరిలో గ్రూప్‌లో మళ్ళీ గోవా పోల్ పెట్టారు. బాబాయి నాకు విడిగా ఫోన్ చేసి, “వాడి వాటా మనం ముగ్గురం వేసేసుకుందాం మామా, వాడికి చెప్పొద్దు” అన్నాడు. మనసు మంచిదే. కానీ నేను ఒప్పుకోలేదు. ఎనిమిది నెలలుగా ఇంట్లో కూర్చున్నవాడికి తన టికెట్ ఎవరు కొన్నారో తెలియకుండా ఉంటుందా? తెలిశాక ఈ ట్రిప్‌కి వచ్చినా తర్వాతి దానికి రాడు. బిల్లొచ్చినప్పుడల్లా వాడు ఫోన్ చూస్తున్నట్టు నటిస్తుంటే, మనం చూడనట్టు నటించాలి. రెండు రోజులు ఆ నాటకం నా వల్ల కాదన్నాను.

అందుకని ప్లాన్‌ని తిరగేశాను. అందరం మామూలుగా ముందు ఊరు ఎంచుకుని తర్వాత ఖర్చు లెక్కేస్తాం. నేను ముందు అంకె రాసుకున్నాను. సిక్కోలు ఇంటి గుమ్మం దాటి మళ్ళీ ఇంటికి చేరేదాకా 2,500 రూపాయలు, అన్నీ కలిపి. ఇది దాటితే ప్లాన్ క్యాన్సిల్. మా ముగ్గురికి రైలు ఛార్జీలు అదనం, అది మా గొడవ. ఈ అంకె ఒక్కటి పెట్టుకోగానే మ్యాప్‌లో సగం దేశం ఎగిరిపోయింది. వాడి ఊరికి దగ్గర్లో, సముద్రం ఉన్న చిన్న ఊరు కావాలి. మిగిలింది భీమిలి.

గ్రూప్‌లో పెట్టగానే మేనేజర్‌గాడు, “భీమిలిలో ఏం చేస్తార్రా?” అన్నాడు. ఊళ్ళో వాళ్ళని అడిగినా అదే అంటారేమో. విశాఖపట్నం నుంచి బీచ్ రోడ్డు మీద ఉత్తరంగా పాతిక కిలోమీటర్ల పైనే వెళ్తే వస్తుంది. అసలు పేరు భీమునిపట్నం. బొర్రా గుహల వైపు కొండల్లో పుట్టిన గోస్తనీ నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు ఇక్కడ వ్యాపారం పెట్టుకున్నారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఒడ్డుకి దగ్గర్లోనే ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. దేశంలోని పాత మునిసిపాలిటీల్లో ఒకటి. ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. ఒకప్పుడు ఓడలు వచ్చిన రేవు, ఇప్పుడు చేపల పడవలు, తెల్లటి పాత లైట్‌హౌస్, కొన్ని పెంకుటిళ్ళు. అంతే. మాకు కావాల్సింది కూడా అంతే.

సిక్కోలుకి నేనే ఫోన్ చేశాను. “మేం మీ వైపొస్తున్నాంరా, భీమిలికి. రెండు రాత్రులు. రూముకి తలా పదకొండొందలు, తిండికి ఇంకో వెయ్యి అనుకో” అని అంకెలు ముందే చెప్పేశాను. డబ్బు సంగతి ముందే చెప్తే అడగాల్సిన అవమానం వాళ్ళకి ఉండదు. కాసేపు ఏం మాట్లాడలేదు. “ఏటి మామా, భీమిలికా? అక్కడేటుంది?” అన్నాడు. మళ్ళీ తనే, “తగరపువలసలో బస్సు దిగి ఆటో ఎక్కితే వచ్చేస్తాన్రా” అన్నాడు. శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్ళే బస్సులు హైవే మీద తగరపువలస మీదుగానే పోతాయి. అక్కడి నుంచి భీమిలి ఏడెనిమిది కిలోమీటర్లు.

తేదీలు కూడా ఊరికే పెట్టలేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ తీరానికి తుపాన్ల భయం. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న. సంక్రాంతికి రైల్లో కాలు పెట్టే చోటుండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేటకి నిషేధం, చేపల కోసం వెళ్ళేవాళ్ళు అది గుర్తుపెట్టుకోవాలి. ఎండ ముదరని ఫిబ్రవరి మొదటి వారం సరిగ్గా సరిపోయింది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ టికెట్లు మాత్రం నేను డిసెంబరులోనే తీసి పెట్టుకున్నాను, ఎక్కడికో అక్కడికి పనికొస్తాయని. రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే మొదలవుతుంది కదా, ఊరు తేలేదాకా ఆగితే వెయిటింగ్ లిస్టే. గురువారం సాయంత్రం ఎక్కితే శుక్రవారం పొద్దున్నే విశాఖ. ఒక్క రోజు లీవు. ఆదివారం సాయంత్రం అదే రైలు వెనక్కి.

రూమ్ కోసం సముద్రం కనిపించే వాటి జోలికే పోలేదు. కిటికీలోంచి సముద్రం కనపడితే రేటు రెట్టింపు. అయిదు నిమిషాలు నడిస్తే ఆ సముద్రమే ఉచితం. రిటైరైన టీచర్ దంపతులు పైవాటా అద్దెకిస్తున్నారు. రెండు గదులు, వరండా, రాత్రికి 2,200.

మిగిలిన పని మేనేజర్‌గాడి లిస్టుని కత్తిరించడం. వాడు షీట్‌లో పదకొండు స్పాట్లు, ఒక్కోదానికి టైమింగులు, లంచ్‌కి నలభై నిమిషాలు పెట్టి పంపాడు. అరకు కూడా ఉంది అందులో! రోజుకి ఒక్కటే అన్నాను. శనివారం సాయంత్రం ఎర్రమట్టి దిబ్బలు, ఆదివారం పొద్దున పావురాళ్ళకొండ. శుక్రవారం గడిలో ఏం రాయమంటావని అడిగాడు. ఖాళీగా వదిలెయ్యమన్నాను. ఖాళీ గడి చూస్తే వాడికి చెయ్యి దురద. ‘రెస్ట్’ అని రాసుకున్నాడు.

శుక్రవారం నిజంగానే ఏం జరగలేదు. విశాఖలో దిగి సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని భీమిలి చేరాం. మధ్యాహ్నానికి సిక్కోలు వచ్చాడు. కొంచెం చిక్కాడు. చేతిలో స్టీలు డబ్బా, దాన్నిండా వాళ్ళమ్మ చేసిన బెల్లం గవ్వలు. సాయంత్రానికి సగం అయిపోయాయి. ముంత మసాలా తిన్నాం, తొమ్మిదికే పడుకున్నాం.

శనివారం తెల్లవారుజామున సిక్కోలే లేపాడు. “లెగండ్రా, పడవలొచ్చేస్తాయి” అని. ఒడ్డుకి వెళ్ళేసరికి సూర్యుడు ఇంకా రాలేదు. ఫైబర్ పడవలు ఒక్కొక్కటే ఇసకలోకి వచ్చి ఆగుతున్నాయి. వలల్లోంచి చేపలు దులుపుతుంటే కాకులు, కుక్కలు, గంపలు పట్టుకున్న ఆడవాళ్ళు. మేం ముగ్గురం ఫోన్లు తీశాం. వాడు లుంగీ ఎగ్గట్టి ఒక గంప దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

కానాగడతల కుప్ప. మేనేజర్‌గాడు ఆవిడ చెప్పిన అయిదొందలకి ఫోన్ తీసి స్కాన్ చెయ్యబోయాడు. సిక్కోలు వాడి చెయ్యి పట్టి ఆపి, ఒక చేప మొప్ప ఎత్తి చూశాడు. ఎర్రగా ఉంది. వేలితో ఒత్తి చూశాడు, కండ గట్టిగా పైకి లేచింది. పక్క కుప్పలోది ఒత్తితే సొట్ట అలాగే ఉండిపోయింది. “పిన్నీ, ఇయ్యి రేతిరివి. వాటితో కలిపి అమ్మితే ఎలాగ?” అన్నాడు. ఆవిడ ఎగాదిగా చూసి, “ఏ ఊరు బాబూ మీది?” అంది. ఊరు చెప్పాడు. వీళ్ళూరి చుట్టాలెవరో ఆవిడ ఎరిగినవాళ్ళే తేలారు. తర్వాత పది నిమిషాలు బేరం కాదు, కుశలప్రశ్నలు. మూడొందలకి కుప్ప, పైన గుప్పెడు నెత్తళ్ళు. మా ముగ్గురి జీతాలూ కలిపినా ఆ కుప్ప మాకు ఆ రేటుకి వచ్చేది కాదు. వెనక్కి నడిచేటప్పుడు వాడు ముందు, మేం వెనక. చేపల్లో ఏది ఎలా వండాలో చెప్తూనే ఉన్నాడు. హాస్టల్ గొంతు!

కింది ఇంటి ఆంటీ మూడొందలు తీసుకుని చింతపండు పులుసు పెట్టారు. ఆ పూట గురించి ఎక్కువ చెప్పను, మీకు ఆకలేస్తుంది.

సాయంత్రం ఎర్రమట్టి దిబ్బలు. గాలి, నీరు, ఇసక కలిసి వేల ఏళ్ళు పట్టి చేసిన ఎర్రటి లోయలు. జియో-హెరిటేజ్ గుర్తింపు ఉన్న చోటు, దయచేసి గోడల మీదకెక్కి రీల్స్ చెయ్యకండి, ఆ మట్టి రాలిపోతుంది. గంటలో చూసి వచ్చేశాం.

రాత్రి నది సముద్రంలో కలిసే వైపు వెళ్ళి ఇసకలో కూర్చున్నాం. అక్కడ నీళ్ళలోకి దిగొద్దని పొద్దునే పడవవాళ్ళు చెప్పారు, పైకి కనపడని ఒరవడి ఉంటుందట. ప్లాన్‌లో ఇంకేం లేదు కాబట్టి ఎవరికీ లేచే తొందర లేదు. సిక్కోలు ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు. ఒక కంపెనీలో నాలుగు రౌండ్లయ్యాక మెయిల్ రాలేదు. ఇంకోచోట ఎనిమిది నెలల గ్యాప్ ఎందుకని అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే ముగించారు. నాన్న ఏమీ అనరు, కానీ పక్కింటివాళ్ళొస్తే వీడు వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్తారు. అందుకని పగలంతా వీడు లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. “పని లేపోతే పోనీరా, పని సేస్తున్నట్టు కూకోడమే కష్టం” అన్నాడు. మాలో ఎవరికీ ఏమనాలో తోచలేదు. ఓదార్చలేదు కూడా. బాబాయి గవ్వల డబ్బా వాడి వైపు జరిపాడు.

ఆదివారం పావురాళ్ళకొండ ఎక్కలేదు. కొండ మీద పాత బౌద్ధ విహారం శిథిలాలుంటాయి, పైనుంచి ఊరు, నది, సముద్రం ఒకేసారి కనపడతాయి. అన్నీ తెలిసి వదిలేశాం. మేనేజర్‌గాడు వాళ్ళ ఆఫీసులో ఇంటర్వ్యూలు తీసుకుంటాడు. పొద్దున టిఫిన్ తినగానే వాడే సిక్కోలుని వరండాలో కూర్చోబెట్టి, “సిస్టమ్ డిజైన్ రౌండ్. టికెట్ బుకింగ్ యాప్, తత్కాల్ టైమ్‌కి లోడ్ ఎలా తట్టుకుంటావో చెప్పు” అన్నాడు. ఇడ్లీ కట్టిన కాగితం వెనక డబ్బాలు, బాణాలు. మేం పక్కనుంచి నవ్వబోతే ఇద్దరూ ఒకేసారి కసిరారు. రెండున్నర గంటలు. గ్యాప్ గురించి అడిగినప్పుడు ఎక్కడ తడబడుతున్నాడో, క్షమాపణ అడిగినట్టు ఎందుకు మాట్లాడుతున్నాడో మేనేజర్‌గాడు మొహమాటం లేకుండా చెప్పాడు. నాలుగోసారికి జవాబు సూటిగా వచ్చింది. షీట్‌లో పావురాళ్ళకొండ కొట్టేసి అక్కడ ‘మాక్’ అని రాసింది కూడా వాడే.

మధ్యాహ్నం లెక్కలు. గదులకి 4,400, తిండికి 3,640, ఆటోలకి 560. మొత్తం 8,600, తలా 2,150. తగ్గించిన అంకె కాదు, దాచిన అంకె కాదు. సిక్కోలు చేపలకి, ఆదివారం టిఫిన్‌కి కలిపి 640 పెట్టాడు. ఇవ్వాల్సింది 1,510. గట్టిగా చదివాను, అందరివీ చదివినట్టే. బాబాయి నా వైపు ఒకసారి చూశాడు. నేను చూడలేదు.

తగరపువలసలో వాడి బస్సు ముందొచ్చింది. ఎక్కి, కిటికీలోంచి ఖాళీ స్టీలు డబ్బా ఊపాడు. బస్సు కదిలిన రెండు నిమిషాలకి నా ఫోన్ మోగింది. 1,510 వచ్చాయి. నోట్ దగ్గర ఒక్క మాట రాశాడు: కానాగడతలు.