శివకామి తొమ్మిదేళ్ళు

ఇంట తెలుగు, కచేరీలో తమిళం. మా బ్రతుకు ఈ రెంటి నడుమను సాగుతున్నది. అందువల్ల మాకు కలిగిన లాభాలలో ఒకటి, 1944 నుండి 1946 వరకు 'కల్కి' పత్రికలో వెలువడిన కల్కిగారి నవల 'శివకామి శపథం'. రాత్రులు మా ఇల్లాలికి తెలుగులో చెపుతూ చదివాము.

పల్లవ యువరాజు నరసింహవర్మ, శిల్పి కూతురు శివకామి వలచుకున్నారు. పులకేశి దండయాత్రలో ఆమెను వాతాపికి చెరగొనిపోయారు. అతడు మారువేషంతో వచ్చి పిలిచినా ఆమె కదలలేదు. ఊరు తగులబెట్టి తన్ను తీసుకుపోవలెనని శపథం! తొమ్మిదేళ్ళకు వాతాపి కాలింది. తీరా కంచికి వస్తే ఆయనకు పెండ్లయి, పిల్లలు కూడా. రాజ్యానికి పాండ్యుల పొత్తు కావలసివచ్చిందట.

ఆ 'అట' మా ఇల్లాలికి నచ్చలేదు. "మీ కచేరీలో అర్జీకైనా జవాబు వేస్తారు కదండీ, ఆ పిల్లకు ఒక్క కబురు పంపలేకపోయాడా?" అన్నది. మేము రాజధర్మమని ఏదో చెప్పబోయాము. ఆమె పప్పులో రాళ్ళు ఏరుకోవడంలో పడింది.

642 ప్రాంతాన నరసింహవర్మ వాతాపిని గెలిచినది చరిత్రే. బాదామిలో రాతిమీద ఆయన శాసనమున్నది. శివకామి మాత్రం కల్పన. అయితే యుద్ధాలలో చెరపోయి, తిరిగివచ్చి, తమ చోట మరొకరిని చూచిన ఆడవారు కల్పన కారు గదా!

చివరకామె ఏకామ్రేశ్వరునికే తన్ను అర్పించుకొని నాట్యమాడుతుంది. కల్కిగారిమీద మాకొక్కటే ఫిర్యాదు. యుద్ధానికి అన్ని పుటలిచ్చినవారు, తిరిగివచ్చిన శివకామికి మరినాలుగు ఇవ్వవలసింది.