మా ఇంటి కోళ్లు – మేము నేర్చిన పాఠము

మా సీమలో కోడి కూయని పల్లె లేదు. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాల మెట్టపొలములలో వానను నమ్మి రాగులు, చెనిక్కాయలు, మొక్కజొన్న విత్తుదురు. వాన మోసగించిన యేట పొలము ఆదుకొనకున్నను పెరటికోడి కొంతవరకైనను ఆదుకొనును. 2007లో మా తాలూకాలు కోలారు నుండి వేరుపడి చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరినవి. జిల్లా మారినను అవ్వల కొంగుముడి మారలేదు. గుడ్లమ్మిన డబ్బు నేటికిని ఆ ముడిలోనే యుండును. మా నోటుపుస్తకములును, కలములును అందుండియే వచ్చినవి. కావున కోళ్ల మేతను గూర్చి వ్రాయుట మాకు వేడుక మాత్రము కాదు. ఆ పనిలో మేము చేసిన తప్పును కూడ దాచక వ్రాయుచున్నాము.

మేము అక్కాతమ్ముళ్లము. మా ఇల్లు బాగేపల్లి తాలూకాలోని ఒక చిన్న పల్లెలో నున్నది. మా అవ్వకు 12 పెట్టలును ఒక పుంజును కలవు. వానిలో నాలుగు పెట్టలు బెంగుళూరు హెబ్బాళములోని పశువైద్య కళాశాలలో రూపొందిన గిరిరాజ జాతివి, తక్కినవి నాటుకోళ్లు. బడినుండి రాగానే వానికి దాణా కలుపుట మా పని. నలుగగొట్టిన మొక్కజొన్న, రాగులు, తవుడు, చెనిక్కాయల పిండిచెక్క – ఇవియే మా దాణా. గుడ్లుపెట్టు మేలుజాతి కోడికి దినమునకు సుమారు 110 గ్రాముల మేత కావలెను. నాటుకోడి పెరటిలోను పొలముగట్టునను ఏరుకొని తినును గనుక దానికి చేతిమేత కొంత తగ్గినను చెల్లును. నీరు మాత్రము మేతకు రెండింతలుండవలెను. వేసవిలో ఇంకను ఎక్కువ.

ఒక వేసవిలో మా పెట్టలు తోలుగుడ్లు పెట్టసాగినవి. పట్టుకొనినచో చేతిలో నలిగిపోయెడివి. గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియము ఉండునని మా పాఠములో చదివితిమి. అంత సున్నపుసారము తవుడునుండియు రాగులనుండియు దినదినము చాలినంత రాదు. నాటినుండి సున్నపురాతి పలుకులను ఒక మూకుడులో విడిగా పెట్టితిమి. కొన్నినాళ్లకే పెంకు గట్టిపడెను. ఇట్లే చలికాలమున గుడ్లు తగ్గుటకు కారణమును కూడ తెలిసికొంటిమి. పెట్ట నిండుగా గుడ్లు పెట్టుటకు దినమునకు 14 గంటలకు తక్కువగాని వెలుతురు కావలెను; మార్గశిర పుష్యములలో అంత పగలుండదు. "కోడికి కూడా సెలవులు కావాల గదప్పా!" అని అవ్వ నవ్వెను.

ఇట్లుండగా మా మామ బెంగుళూరు దగ్గరి యొక తోటనుండి 8 టర్కీగుడ్లు తెచ్చియిచ్చెను. టర్కీ బరువుగా పెరుగును, మంచి వెల పలుకును. అక్క పదవ తరగతి ముగించి చింతామణిలోని కళాశాలకు పోవలసియున్నది. ఆ బస్సు ఖర్చునకు ఈ పక్షులు అక్కరకు వచ్చునని ఇంటిలో అందరును తలచిరి. పొదుగుకు వచ్చిన నాటుపెట్ట క్రింద గుడ్లు పెట్టితిమి. కోడిగుడ్డు 21 దినములకు పిల్లయగును, టర్కీగుడ్డునకు 28 దినములు పట్టును. 21వ నాడు అవ్వ గంపచెంత చెవియొగ్గి విని, చప్పుడు లేదని పెదవి విరిచెను. పెట్ట మాత్రము కదలలేదు. 28వ నాటికి 7 పిల్లలు వెలువడినవి.

ఈ పక్షి పేరే ఒక వింత. దీని పుట్టిల్లు అమెరికా ఖండము. మెక్సికోలో పూర్వమే దీనిని మచ్చికచేసిరి. ఆంగ్లేయులు దీనికి టర్కీదేశపు పేరు పెట్టిరి. టర్కీవారు దీనిని హిందీ అందురు, అనగా హిందూదేశపుదని. ఇది అక్కడిదియు కాదు, ఇక్కడిదియు కాదు. మా వంటివారికి ఇందు ఆశ్చర్యము లేదు. మేము బెంగుళూరు పోయినచో తెలుగువారందురు, హిందూపురము పోయినచో కన్నడమువారందురు.

టర్కీపిల్లలు మొదట మేతను గుర్తింపలేవు. ఆకలితోనే చచ్చునవి కూడ కలవు. అందుకై మేత పళ్లెరములో రంగురంగుల గోళీలు వేసితిమి. మెరుపును చూచి పొడుచుచు, పక్కనున్న మేతను రుచి చూచినవి. ఉడికించిన గుడ్డును చిదిమి, ఆకుకూరను సన్నగా తరిగి పెట్టితిమి. మొదటి నెలలో వాని మేతయందు నూటికి 28 పాళ్లు మాంసకృత్తులుండవలెనని యొక పుస్తకములో చదివితిమి. గుడ్లకోడికి 16 నుండి 18 పాళ్లే చాలును. మాంసకృత్తులు పెంచుటకు మా చేతిలోనున్నది చెనిక్కాయల చెక్కయే గనుక, దానినే దాణాలో సగమునకు మించి కలిపితిమి.

అది కార్తీకమాసము. వారము దినములు ముసురు పట్టెను. చెక్కబస్తా నేలమీద గోడకు ఆనించి యుండెను. అడుగున చెమ్మయెక్కి పసుపు కలసిన పచ్చని బూజు పట్టెను. మేము చూడలేదని చెప్పజాలము. చూచితిమి, పైపైన దులిపి, పారవేసిన నష్టమని కలిపివేసితిమి.

నాలుగు దినములకు ఒక పిల్ల రెక్కలు వ్రేలవేసి మేత మానెను. మరునాడు చచ్చెను. చలి తగిలినదనుకొని గోనెలు కప్పితిమి. పొరుగువారు దిష్టి అనిరి. అవ్వ దిష్టి తీసెను. అదే దాణా తినుచున్న పెట్టలు చక్కగా తిరుగుచుండుటచే మేతమీద మాకు అనుమానమే కలుగలేదు. వారములో 5 పిల్లలు పోయినవి. ఒక పిల్ల అక్క ఒడిలోనే మెడ వెనుకకు వాల్చి ప్రాణము విడిచెను.

చచ్చిన పిల్లను పశువైద్యునివద్దకు కొనిపోతిమి. ఆయన కోసి, చెడిన కాలేయమును చూపి, "ఏమి మేత వేసిరి?" అని కన్నడమున అడిగెను. చెక్క సంగతి చెప్పగా ఆయన మాకొక చరిత్ర చెప్పెను. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీపిల్లలు చచ్చెనట. కారణము తెలియక మొదట దానికి టర్కీ ఎక్స్ వ్యాధి అని పేరిడిరి. తుదకు బ్రెజిల్ నుండి వచ్చిన చెనిక్కాయల పిండియందలి బూజే కారణమని తేలెను. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను ఆ బూజు పుట్టించు విషమే అఫ్లటాక్సిన్. బాతుపిల్లలును టర్కీపిల్లలును దానికి త్వరగా లొంగును. కోడి కొంత తట్టుకొనును. బూజును దులిపినను, మేతను ఉడికించినను విషము పోదు. తరచుగా తినిన మనుష్యుల కాలేయమునకును అది చేటే.

ఇంటికి వచ్చి అవ్వకు అంతయు తెలుగులో చెప్పితిమి. ఆమె మమ్ము తిట్టలేదు. "బూజు పట్టిన కూడు మనం తింటామా నాయనా? నోరులేని జీవానికెట్ల పెడితిరి?" అని మాత్రము అనెను. ఆ మాటకు మావద్ద బదులు లేకపోయెను.

వైద్యుడు కన్నడమున చెప్పినదంతయు తెలుగున ఒక నోటుపుస్తకములో వ్రాసికొంటిమి. చెక్క నెలకు సరిపడునంతయే కొనుచున్నాము. గోడకు దూరముగా పలకలపై ఉంచి, పిడికెడు నలిపి వాసన చూచిన పిమ్మటనే కలుపుచున్నాము. ముక్కవాసన వచ్చినది ఎంత వెలదైనను గోతిలో పూడ్చవలసినదే. మాంసకృత్తులకై చెక్కనొక్కదానినే నమ్మక, శిడ్లఘట్టలో పట్టు తీసిన పిమ్మట మిగులు పట్టుపురుగులను ఎండబెట్టినవి కొద్దిగా కలుపుచున్నాము. టర్కీలను కోళ్లతో ఒకచోట ఉంచరాదు; కోడి రెట్టలోని పురుగుగుడ్లద్వారా టర్కీకి నల్లతల జబ్బు వచ్చును. కొక్కెర తెగులునకు మొదటి వారముననే టీకా వేయింపవలెను. పక్షులు గుంపుగా చచ్చినచో ముట్టక పశువైద్యశాలకు తెలుపవలెను. 2025లో మా జిల్లాలోనే పక్షిజ్వరము బయటపడిన సంగతి మరువరాదు.

బ్రతికిన రెండింటిలో ఒకటి పుంజు, ఒకటి పెట్ట. పెట్ట ఏడు నెలలు దాటినంతనే గుడ్లు పెట్టసాగెను. తొలి గుడ్లను అమ్మక మరల పొదుగుకు పెట్టితిమి. అక్క బస్సు ఖర్చును ఈ యేడు అవ్వ కోడిగుడ్ల డబ్బునుండియే ఇచ్చుచున్నది.

తల్లిదండ్రులకు మాదొక మనవి. చెనిక్కాయలు మన ఇంట పండును, మన పిల్లలు తిందురు. గలగలలాడునంత ఎండిన పిదపనే కాయలను బస్తాకెత్తుడు. బూజుకాయ కనబడినచో ఏరివేయుడు. అవ్వ ఇప్పుడు దీపము ముందు చేట పెట్టుకొని గింజలను ఒక్కొక్కటిగా ఏరుచున్నది. ఆమె పక్కన మేమును కూర్చుండుచున్నాము.