రెండో బీగంచెవి ఎవరి దగ్గర?

మా మత్తూరులో తోట పనికి పోయే ఇండ్లవాళ్లు ఒక బీగంచెవి పక్కింట్లో ఇచ్చి పెడతారు. మాది పక్కింటి అత్త కాడ ఉంది. ఫోనుకు మాత్రం మేము అట్లా పెట్టలేదు. మా తాత పోయినాక ఆ సంగతి తెలిసింది.

తాత పాడిన పాటలు, అవ్వతో దిగిన ఫోటోలు ఆ ఫోనులోనే ఉన్నాయి. దాని ఆరంకెల నంబరు ఆయనకొక్కరికే తెలుసు. నాయన కృష్ణగిరిలో అంగడికి తీసుకుపోతే, "అంతా చెరిపి ఇస్తాము, లోపలివి రావు" అన్నారు. ఇప్పటి ఫోన్లలో సమాచారమంతా ఎన్‌క్రిప్షన్ చేసి, అంటే సంకేతాలుగా మార్చి ఉంటుంది. నంబరు లేకుంటే అది విడిపోదు.

"చేసిన కంపెనీ కాడన్నా ఒక చెవి ఉండకూడదా?" అనింది అవ్వ.

న్యాయమైన ప్రశ్నే. 1993లో అమెరికా ప్రభుత్వం ఇట్లాంటిదే చేయబోయింది. క్లిప్పర్ చిప్ ఉన్న ప్రతి టెలిఫోనుకు ఒక చెవిని రెండు ముక్కలుగా రెండు ప్రభుత్వ శాఖలు దాచుకోవాలి, చట్టప్రకారం అనుమతి ఉంటే రెండూ కలిపి మాటలు వినవచ్చు. దీని పేరు కీ ఎస్క్రో. 1994లో మాట్ బ్లేజ్ అనే ఆయన దాన్ని తప్పించుకొనే దారి చూపించాడు. కొన్నేండ్లకే ఆ పథకం మూలబడింది. మన దేశంలో 2015 సెప్టెంబరులో, సందేశాలను మామూలు అక్షరాల్లో 90 రోజులు దాచాలని ముసాయిదా వచ్చింది. జనం ఒప్పుకోలేదు, వెంటనే వెనక్కి తీసుకున్నారు.

అత్తకు చెవి ఇచ్చింది మేమే, కావాలంటే రేపే అడిగి తీసుకుంటాం. ఊర్లో అందరి చెవులూ ఒకే పెట్టెలో వేయమంటే అది వేరే. దొంగకు ఆ ఒక్క పెట్టె చాలు.

తన ఫోను నంబరును మూడంకెలు ఒకరికి, మూడంకెలు ఇంకొకరికి ఇస్తానంది అవ్వ. లెక్క వేస్తే, సగం తెలిసినవానికి పది లక్షల బదులు 1000 నంబర్లే మిగులుతాయి. ఆది షమీర్ అనే శాస్త్రవేత్త 1979లో దీనికి మంచి ఉపాయం రాశాడు. గ్రాఫులో ఒక సరళరేఖ గీసి, అది నిలువు అక్షాన్ని తాకే చోటే రహస్యం అనుకోండి. గీతమీది మూడు బిందువులు ముగ్గురికి ఇస్తే, ఏ ఇద్దరు కలిసినా గీత దొరుకుతుంది. ఒక్క బిందువు గుండా ఎన్ని గీతలైనా పోతాయి, కాబట్టి ఒక్కరికే ఏమీ తెలియదు.

గ్రాఫు అవ్వకు పట్టలేదు గానీ ముగ్గురి పేర్లు వెంటనే చెప్పింది: నాయన, మేనత్త, పక్కింటి అత్త. "బెంగళూరు చిన్నాయనకు వద్దా?" అన్నాను.

"వాడు బండి చెవే నెలకొకసారి పోగొడతాడు, వానికెందుకు?" అనింది.