నీటి ప్రయాణమునకు సన్నాహము

ప్రయాణములు పలువిధములు. కాలినడకన పోవువారు కొందఱు, బండ్లపై పోవువారు కొందఱు. నీటిపై పోవు ప్రయాణమునకు మాత్రము ప్రత్యేకమైన నియమమొకటి కలదు. దారిలో బండి ఆగిపోయినచో దిగి నడువవచ్చును. చెఱువు నడుమ పడవ బోల్తాపడినచో నిలుచుటకు చోటుండదు. అందుచేత నీటి ప్రయాణములో సగము పని ఒడ్డుననే పూర్తి కావలెను. అట్టి సన్నాహమొకటి మేము నలుగురము చేసితిమి. దానిని గూర్చియే ఇచ్చట వ్రాయుచున్నాను.

మాది బయ్యారము. 2016 వరకు ఖమ్మము జిల్లాలో నుండి, పిమ్మట మహబూబాబాదు జిల్లాలో చేరిన ఊరు. ఈ పేరు వినగానే పలువురకు ఇనుప ఖనిజము గల కొండలు జ్ఞప్తికి వచ్చును. చరిత్ర చదివినవారికి మాత్రము చెఱువు జ్ఞప్తికి వచ్చును. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ ఇచ్చట చెఱువు కట్టించి, దానికి ధర్మకీర్తిసముద్రమని పేరిడెను. ఆ సందర్భమున వేయించిన శాసనమున కాకతీయుల వంశక్రమము వెన్నడను రాజు మొదలుకొని చెప్పబడినది. ఆ వంశపు పూర్వులను గూర్చి తెలిసికొనుటకు చరిత్రకారులకు ఈ శాసనము గొప్ప ఆధారము.

మా ఊరి నుండి ఉత్తరముగా పోయినకొలది ఇట్టి చెఱువులే వరుసగా కానవచ్చును. మొదట పాకాల, తరువాత లక్నవరము, దాని కావల రామప్ప. ఇంకను పైకి పోయినచో ఏటూరునాగారము వద్ద గోదావరి. ఈ నీళ్లన్నిటిని చిన్న పడవలపై చూచి రావలెనని మా అన్నగారి కుమారునకు కోరిక పుట్టెను. వాడు నగరమున చదువుకొనుచు కాయక్ నడుపుట, పాడిల్ బోర్డుపై నిలిచి పోవుట నేర్చుకొనినాడు. వాని మిత్రుడొకడును, మా పొరుగింట ఇంటర్మీడియటు చదువు బాలుడును వానితో కూడిరి. పెద్దవాడొకడు తోడుండవలెనని నన్ను కూడ చేర్చుకొనిరి.

కాయక్ అనునది ఒకరిద్దఱు కూర్చుండుటకు తగిన సన్నని పడవ. ఉత్తర ధ్రువ ప్రాంతపు వేటగాండ్రు సముద్రమున కొట్టుకొని వచ్చిన కఱ్ఱతోను, తిమింగిలపు ఎముకలతోను చట్రము కట్టి, దానిపై సీలు చర్మము కప్పి దీనిని చేసెడివారు. దాని తెడ్డునకు రెండు కొనలందును ఱెక్కలుండును. కుడి ఎడమల మార్చి మార్చి వేసినచో పడవ తిన్నగా పోవును. 1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడలలో దీని పందెములకు స్థానము లభించినది. పాడిల్ బోర్డు హవాయి దీవుల నుండి వచ్చినది. పది పదునొకండడుగుల పలకపై నిలిచి పొడుగాటి తెడ్డుతో నడపవలెను. గాలి నింపి వాడుకొను పలకలు కూడ నున్నవి. గాలి తీసి చుట్టినచో బస్సుపై వేసికొని పోవచ్చును.

ఆ పలకను కట్టపై పఱచి గాలి నింపుచుండగా, చేపలు పట్టు వృద్ధుడొకడు దగ్గరకు వచ్చి చేతితో తట్టి చూచెను. "ఇది మా తెప్పయే కదా, బిడ్డా!" అని నవ్వెను. ఆ మాట నిజము. మా చెఱువులలో జాలరులు థర్మకోలు అట్టలను కట్టగా కట్టి, వాటిపై కూర్చుండి, వలలు వేయుటకు చెఱువు నడిమికి పోవుచుందురు. వారికి అది జీవనము, మాకు వినోదము. ఈ భేదమును మఱువరాదని నేను పిల్లలతో చెప్పితిని. చెఱువులో చేపలు పట్టు హక్కు మత్స్య సహకార సంఘమునకుండును. అందుచే ఏ చెఱువులో దిగుటకైనను ముందుగా ఆ సంఘము వారిని అడుగవలెననియు, వలలున్న చోట తెడ్డు వేయరాదనియు మొదటి నియమము వ్రాసికొంటిమి.

మా అన్నగారి కుమారుడు గీసిన తొలి పటము మిక్కిలి పెద్దది. పాకాలలో పడవ దింపి, వాగు వెంబడి మున్నేటిలో కొంత దూరము పోయి, పిమ్మట లక్నవరము, రామప్ప చూచి, తుదకు ఏటూరునాగారము నుండి గోదావరిపై భద్రాచలము చేరవలెనని వాని తలంపు. మేము ఆ పటమును ముందు పెట్టుకొని ఒక్కొక్క గీతను పరీక్షించితిమి.

పాకాల చెఱువు సుమారు 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము గలది. గణపతిదేవుని కాలమున కట్టబడినది. అది నేడు అభయారణ్యములో నున్నది. అందు మొసళ్లున్నవి. అటవీశాఖ వారి అనుమతి లేనిదే అచ్చట ఏ పనియు చేయరాదు. మొసలి యున్న నీటిలో నీటిమట్టమునకు జానెడెత్తున కూర్చుండి పోవుట వివేకము కాదు. కావున పాకాలను కట్టపై నుండి చూచిన చాలునని తీర్మానించితిమి.

మున్నేటి గీతను కూడ కొట్టివేసితిమి. నిలువ నీటికిని పాఱు నీటికిని మిక్కిలి భేదము కలదు. ఏటికి అడ్డముగా చిన్న ఆనకట్టయున్న చోట నీరు పైనుండి జాఱి, దిగువన గుండ్రముగా తిరిగి మరల ఆనకట్ట వైపునకే వచ్చును. ఆ సుడిలో చిక్కిన పడవను గాని మనిషిని గాని నీరు విడువదు. మూడడుగుల ఎత్తు గల ఆనకట్టయైనను, చూచుటకు అందముగా నున్నను, అది ప్రమాదకరమే. వరదల మాట వేఱుగ చెప్పనక్కఱ లేదు. 2024 సెప్టెంబరు 1వ తేదీన మా జిల్లాలోని కేసముద్రము సమీపమున రైలుకట్ట వరదకు కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడినవి. నాడు మున్నేరు ఖమ్మములోని వీధులను ముంచినది.

గోదావరి సంగతి ఇంకను గంభీరము. భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇత్తురు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును చేరినది. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద వరద గోదావరిలో విహారపు పడవ మునిగి ఎందఱో ప్రాణములు కోల్పోయిరి. అంత పెద్ద పడవను ముంచగల నది ముందు మా పలకలెంత? గోదావరిని తీరమున నిలిచి నమస్కరించి రావలెనని నిశ్చయించితిమి.

ఇక మిగిలినవి లక్నవరము, రామప్ప. లక్నవరము కొండల నడుమ సందులకు కట్టలు వేసి నిలిపిన చెఱువు. దానిలో దీవులున్నవి, వ్రేలాడు వంతెనలున్నవి, పర్యాటక శాఖ వారి పడవలున్నవి. రామప్ప చెఱువు దరినున్న ఆలయమును 1213లో రేచర్ల రుద్రుడను సేనాని కట్టించెను. 2021లో దానిని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఆ గుడి శిఖరమునకు వాడిన ఇటుకలు నీటిలో తేలును. ఇటుకయే తేలు చోట తేలుట నేర్వనివాడు పడవ నెక్కుట తగునా అని నేను పరిహాసమునకు అంటిని. అందఱు నవ్విరి, పొరుగింటి బాలుడు మాత్రము తలవంచుకొనెను.

"నీకు ఈత వచ్చునా?" అని అడిగితిని. "రాదు, సారూ" అనెను.

అప్పటికి కార్తిక మాసము. ఇంకొక నెలలో బయలుదేరవలెనని తలంచియుంటిమి. మా అన్నగారి కుమారుని మిత్రునకు ఉద్యోగము దొరకినది. వేసవిలో దూరదేశము పోయి చేరవలెను. ఈ చలికాలము దాటినచో అతడు మాతో వచ్చుట సందేహమే. "తేలుడు కోటు తొడిగినచో ఈత రాకున్నను మునుగడు కదా" అని ఒకడనెను. "వాడు ఒడ్డున ఉండి వంట చూచుకొనును" అని మఱియొకడనెను. తేలుడు కోటు మునుగనీయదు, నిజమే. కాని నీటిలో పడినవాడు భయముచే చేతులు కొట్టుకొని ప్రక్కవానిని పట్టుకొనినచో ఇద్దఱకును అపాయము. ఇక వంటకని వెంట తీసికొనిపోవుట ఆ బాలుని మనస్సు నొప్పించుటయే.

ఆ రాత్రి వాని తల్లి మా యింటికి వచ్చెను. ఆమె వాకిట నిలిచి, "అన్నా, వీని మేనమామను వాగు తీసికొనిపోయినది. అప్పటినుండి వీనిని నీటి దరికి పోనీయలేదు. అందుకే వీనికి ఈత రాలేదు. ఇట్లే కాచుకొనుట మంచిదా, నేర్పించుట మంచిదా? నీవే చెప్పు" అని అడిగెను.

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. కొంతసేపు ఆలోచించి, "చెల్లెమ్మా, ఊరిలో చెఱువున్నది, చుట్టును వాగులున్నవి. నీవు ఎల్లకాలము వాని వెంట నుండలేవు. నేర్చిన ఈత వాని వెంట నుండును" అంటిని. ఆమె ఏమియు పలుకక వెడలిపోయెను. మఱునాడు ఉదయము తానే బాలుని వెంటబెట్టుకొని బావి వద్దకు వచ్చెను.

మేము ప్రయాణమును ఒక సంవత్సరము వెనుకకు జరిపితిమి. ఉద్యోగమునకు పోవలసిన యువకుడు ఒక దినమెల్ల మౌనముగా నుండి, సాయంకాలము వచ్చి, "సెలవు దొరకినచో వత్తును, దొరకనిచో మీరు ముగ్గురును పొండు" అనెను. ఆ మాట అనుటకు వానికెంత కష్టమైనదో నాకు తెలియును. ఉద్యోగమునకు పోవునంతవరకు ప్రతి ఆదివారమును బావి వద్దకు వచ్చి బాలునకు ఈత నేర్పుటలో సాయపడెను.

మా జాలరి తాతయే గురువు. బాలుని నడుమునకు ఎండిన సొరకాయ బుఱ్ఱలు కట్టి, మొదట చేతులు కాళ్లు ఆడింపక వెల్లకిల తేలుట నేర్పెను. "నీటితో పోరాడవద్దు, బిడ్డా. నమ్మి పండుకో, అదే మోయును" అని అతడు చెప్పెడివాడు. కొన్ని వారములకు ఒక బుఱ్ఱ విప్పెను, మఱికొన్ని వారములకు రెండవది విప్పెను. నూఱు మీటర్లు ఈదుట, పది నిమిషములు తేలియుండుట అనునవి మేము పెట్టుకొన్న పరీక్షలు. ఈ పరీక్షలు బాలునకే కాక మా అందఱకును వర్తించునని ముందే నిర్ణయించుకొంటిమి.

ఈలోగా కాగితముపై మా నియమములు పెరిగినవి. వానకాలమున నీటిలో దిగరాదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649 మిల్లీమీటర్ల వాన కురిసినది. అట్టి చోట వాగు ఎప్పుడు పొంగునో చెప్పలేము. యాసంగి పంటకు తూములెత్తిన పిమ్మట చెఱువులు క్రమముగా తగ్గును. కనుక మత్తడి దుముకుట ఆగిన తరువాత, నీరు నిండుగా నున్న మార్గశిర మాసము మేలు. రెండేండ్లకొకమాఱు మాఘమాసమున జరుగు మేడారము జాతర నాళ్లలో ములుగు దారులన్నియు జనముతో నిండును, ఆ దినములు విడువవలెను. గాలి లేచునది ప్రొద్దెక్కిన తరువాత కనుక, తెల్లవాఱగానే బయలుదేరవలెను. పోవునపుడు గాలికి ఎదురుగా పోయినచో, అలసి తిరిగివచ్చునపుడు గాలియే తోడుపడును. గాలి హెచ్చినచో పలకపై నిలువక మోకాళ్లపై కూర్చుండవలెను. గంటకు మూడు కిలోమీటర్లకంటె నెక్కువ లెక్క వేయరాదు. ఏ వేళకు తిరిగి వత్తుమో ఒడ్డుననున్నవారికి వ్రాసి ఇయ్యవలెను.

మొదటి పటములో నుండిన గీతలు ఇప్పుడు పెక్కు లేవు. రెండు చెఱువులు, మూడు దినములు, అంతియే. అయినను చిన్నదైన ఈ పటమును చూచునపుడు నాకు లోటు తోపదు. కొట్టివేసిన ప్రతి గీత వెనుకను ఒక నదిని గూర్చియో, ఒక చెఱువును గూర్చియో, ఒక మనుష్యుని గూర్చియో తెలిసికొన్న సంగతి యొకటి కలదు.

ఈ శ్రావణమాసమున బాలుడు పరీక్షకు నిలిచెను. నేను ప్రక్కన తెప్పపై నుండగా, ఏ బుఱ్ఱయు లేక మా చెఱువున నూఱు మీటర్లు ఈది, పది నిమిషములు ఆకాశమును చూచుచు తేలియుండెను. వాని తల్లి కట్టపై చింతచెట్టు క్రింద నిలిచి చూచెను. వాడు ఒడ్డునకు వచ్చినపుడు తువాలు చేతికిచ్చి, "తల తుడుచుకో, జలుబు చేయును" అని మాత్రమే పలికెను.

మార్గశిరమునకు ఇంకను మూడు నెలలున్నవి.