ముల్లు ఎక్కడుంది బేటా?

నల్లగొండలో మా ఇంటి ముందు ఇప్పుడొక కారు నిలబడి ఉంటుంది. నంబరు పలక మీద ‘టీజీ 05’ అన్న అక్షరాలు ఇంకా కొత్తగా మెరుస్తున్నాయి. అల్‌హమ్దులిల్లాహ్. దానిని కొనడానికి మా దంపతులకు మూడేళ్లు పట్టింది. వడ్డీ లేకుండా కొనాలన్న పట్టుదలతో గడిపిన ఆ మూడేళ్లు మాకు కొన్ని పాఠాలు నేర్పాయి. మా నుంచి ఒకదానిని తీసుకున్నాయి కూడా. ఇదే ఆలోచనలో ఉన్న కుటుంబాలకు ఉపయోగపడవచ్చునన్న ఆశతో ఆ రెండింటినీ దాచకుండా పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మా అమ్మీ పుట్టిల్లు పాలమూరు. మ్యాపులో మహబూబ్‌నగర్ అని ఉన్నా అమ్మీ నోట ఎప్పుడూ పాలమూరే. అక్కాతమ్ముళ్లు, ఖబరస్తాన్‌లో పడుకున్న పెద్దలు, చిన్ననాడు ఊడలు పట్టుకుని ఊగిన పిల్లలమర్రి, అన్నీ అక్కడే. నల్లగొండ నుంచి కొండమల్లేపల్లి, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులు మారుతూ వెళ్లేసరికి ఒక పూట గడిచిపోతుంది. అమ్మీ మోకాళ్లు అరిగిపోయాయి. 2023 డిసెంబరు నుంచి ఆడవారికి టికెట్టు ఖర్చు లేకుండా పోయింది గాని, బస్సు మారిన ప్రతిచోటా ఎక్కవలసిన మెట్లు మాత్రం తగ్గలేదు. ఇంట్లో ఉన్నది ఒక్క ద్విచక్రవాహనం. కారు ఆలోచన అలా పుట్టింది.

2022 చివరలో మొదటిసారి ఒక షోరూమ్‌కు వెళ్లాము. మా దగ్గర మూడు లక్షలు ఉన్నాయి. మిగిలిన ఆరు లక్షల సంగతి ఎత్తగానే అక్కడి యువకుడు ఎంతో మర్యాదగా కాగితం ముందుకు జరిపాడు. “అరగంటలో లోన్ అయిపోతుంది సార్, మీరు సంతకం పెడితే చాలు” అన్నాడు. అతడు చెప్పింది అబద్ధం కాదు. మేము ఇంటికి వచ్చి ఆ కాగితం మీదే లెక్క వేసుకున్నాము. ఆరు లక్షల అప్పు, ఏటా తొమ్మిది శాతం వడ్డీ, అరవై నెలలు. నెలకు కట్టవలసింది సుమారు 12,455 రూపాయలు. మొత్తం కలిపితే 7,47,300. అంటే వడ్డీయే లక్షా నలభై ఏడు వేల పైచిలుకు. ధార్మికంగా అది నిషిద్ధమని మాకు ముందే తెలుసు. ఆ రోజు మాత్రం ఆ మాట అంకెల రూపంలో కళ్లెదుట కనిపించింది.

మన దేశంలో సాధారణ బ్యాంకులు ఇస్లామీయ పద్ధతిలో వాహనం కొనివ్వవు. వడ్డీ లేని బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని రిజర్వు బ్యాంకు 2017లో నిర్ణయించింది. అయితే ఈ నేలకు వడ్డీలేని అప్పు కొత్తదేమీ కాదు. 1920ల నాటికే హైదరాబాద్ సంస్థానంలో ప్రభుత్వ ఉద్యోగులు తమలో తాము చందాలు వేసుకుని వడ్డీలేని రుణ సంఘాలు నడిపారు. హైదరాబాద్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన విద్వాంసులు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ ఆ సంఘాల గురించి వివరంగా రాశారు. మన తాతలు చేయగలిగిన పనిని ఒక్క ఇంట్లోనైనా మనం చేయలేమా అనిపించింది.

బ్యాంకుకు కట్టవలసిన వాయిదానే మాకు మేము కట్టుకోవాలని నిశ్చయించుకున్నాము. జీతం పడిన రోజునే 12,500 రూపాయలు వేరే ఖాతాకు పంపేవాళ్లం. ముప్పై ఆరు నెలలకు నాలుగున్నర లక్షలు అయ్యాయి. ఆ ఖాతాలో పడిన వడ్డీని పుణ్యాపేక్ష లేకుండా విడదీసి పేదలకు ఇచ్చేశాము. వేలం పాట ఉండే చీటీల జోలికి పోలేదు. అవసరం ఎక్కువున్నవాడు తక్కువకు పాడుకుని, ఆ తేడాను మిగిలినవారు పంచుకునే ఆ పద్ధతి మా మనసుకు ఒప్పలేదు.

చెప్పడానికి ఇది తేలిక. కాని ఆ ముప్పై ఆరు నెలల మధ్యలో, 2024 వేసవిలో, ఒక తెల్లవారుజామున పాలమూరు నుంచి ఫోను వచ్చింది. అమ్మీ అక్క, మా ఖాలా, అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఎండలు మండుతున్న రోజులు. జనాజాను ఎక్కువ సేపు ఉంచే వీలు లేదు. అద్దె కారు కోసం తెలిసినవారికల్లా ఫోన్లు చేశాము. పెళ్లిళ్ల రోజులు కావడంతో ఒక్కటీ దొరకలేదు. చివరికి బస్సులోనే బయలుదేరాము. మేము చేరేసరికి జుహర్ తర్వాత ఖననం ముగిసింది. ఇంట్లో ఖాళీ మంచం మాత్రం ఉంది. అమ్మీ ఆ మంచం పట్టె మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

ఆ రాత్రి మేము నిద్రపోలేదు. ఆ సంతకం పెట్టి ఉంటే అమ్మీ తన అక్క ముఖాన్ని చివరిసారి చూసేవారు కదా అన్న ఆలోచన మమ్మల్ని విడువలేదు. మన నియమానికి మూల్యం మనమే చెల్లిస్తే అది సహనం. మన నియమానికి మన తల్లి మూల్యం చెల్లిస్తే దానిని ఏమనాలి? మరునాడు ఈ మాటను అమ్మీ ముందే పెట్టాము. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి ఇలా అన్నారు: “మా అక్క వెళ్లవలసిన ఘడియ మీ కారు చేతిలో లేదు. నన్ను అడ్డం పెట్టుకుని మీరు వడ్డీలోకి దిగకండి. కాని కారు వచ్చినాక, ఇలాంటి పొద్దున ఎవరు తలుపు తట్టినా లేదనకండి.” ఆ మాట మా మీద అప్పుగా మిగిలింది.

మూడేళ్లు నిండే సమయానికి ఒక మార్పు వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోల్ ఇంజను ఉన్న కార్ల మీద పన్ను తగ్గింది. అంతకుముందు జీఎస్టీ, సెస్సు కలిపి 29 శాతం ఉండేది. అది 18 శాతానికి దిగింది. మన రోడ్ల మీద కనిపించే చిన్న సెడాన్‌ల వెనుక భాగం కత్తిరించినట్లు ఎందుకుంటుందో కూడా అప్పుడే అర్థమైంది. 2006 బడ్జెట్ నుంచి చిన్న కార్లకు పన్ను రాయితీ ఇస్తూ నాలుగు మీటర్ల గీత గీశారు. అందుకే ఈ కార్లలో చాలావాటి పొడవు 3,995 మిల్లీమీటర్లు. ధర తగ్గడం మా ఓపికకు దక్కిన బహుమానమని చెప్పుకోవడానికి మాకు నోరు రాదు. ఖాలా మంచం ఇంకా కళ్ల ముందే ఉంది.

కారు ఎంచుకోవడానికి ఈసారి అమ్మీని వెంట తీసుకుని వెళ్లాము. మా అబ్బాయి కోరిక ఎత్తైన ఎస్‌యూవీ మీద. అమ్మీ దాని దగ్గరికి వెళ్లి కాలు ఎత్తారు, మోకాలు సహకరించలేదు, దించేశారు. సెడాన్‌లో ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవడం ఆమెకు సులువైంది. లేవడం మాత్రం కొంచెం కష్టమే. తలుపు పైనున్న పిడి ఆసరాతో రెండు మూడుసార్లు లేచి చూసి, “ఇది నయం” అన్నారు. వయసు మళ్లినవారు ఉన్న ఇంట్లో బ్రోచర్ల కన్నా ఈ పరీక్షే ముఖ్యమని మా అనుభవం.

ఇక మిగిలింది మారుతి డిజైర్, హోండా అమేజ్‌ల మధ్య ఎంపిక. డిక్కీ అమేజ్‌లో పెద్దది, 416 లీటర్లు. డిజైర్‌లో 382. నేల నుంచి ఎత్తు కూడా అమేజ్‌కే ఎక్కువ. రెండింటిలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. 2024 నవంబరులో వచ్చిన కొత్త డిజైర్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టే పరీక్షలో పెద్దల రక్షణకు ఐదు నక్షత్రాలు లభించాయి. మారుతి కార్లలో ఆ స్థాయి అందుకున్న మొదటిది అదే. 2022లోనే తొందరపడి ఉంటే మాకు ఈ కారు దొరికేది కాదు. మేము డిజైర్ పెట్రోలు కారునే తీసుకున్నాము. సీఎన్‌జీ అయితే ఇంధనం ఆదా అవుతుంది గాని, సిలిండరు డిక్కీలో చోటు ఆక్రమిస్తుంది. పండుగకు పాలమూరు వెళ్లే కుటుంబానికి ఆ చోటు కావాలి.

తక్కువ పడిన లక్షా పదివేలు పాలమూరులోని మామూజాన్ ఖర్జె హసనాగా ఇచ్చారు. “మనలో మనకు కాగితం ఎందుకు?” అన్నారాయన. అప్పును రాసుకోవాలన్న ఆదేశం బఖరా సూరాలో ఉంది. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు అదే. ఇద్దరు సాక్షులతో రాసుకున్నాము. తీర్చే గడువు పదకొండు నెలలు.

కారు చేతికిచ్చే రోజు షోరూమ్ కుర్రవాడు అలవాటు ప్రకారం చక్రాల కింద పెట్టడానికి నాలుగు నిమ్మకాయలు తెచ్చాడు. మేము ఏమనాలో తోచక చూస్తుంటే అమ్మీ నవ్వుతూ చెయ్యి చాచి అందుకున్నారు. “ఇంటికెళ్లి షర్బత్ చేస్తాను, నువ్వూ వచ్చి తాగు బేటా” అన్నారు. ఆ కుర్రవాడూ నవ్వేశాడు. దారిలో సదఖా ఇచ్చి, ప్రయాణపు దుఆ చదువుకుని ఇంటికి చేరాము.

మొదటి దూర ప్రయాణం పాలమూరుకే. మామూజాన్‌కు మొదటి వాయిదా ఇవ్వాలి. నడిపింది మా అబ్బాయి. బయలుదేరే ముందు అందరమూ బెల్టులు పెట్టుకున్నాము. వెనుక సీట్లోనూ బెల్టు తప్పనిసరి అని, లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా అని చాలామందికి తెలియదు. బురఖా ధరించే స్త్రీలు ఒక సంగతి గమనించాలి. మడతల గుట్ట మీద నుంచి బెల్టు వేస్తే అది వదులుగా ఉండిపోతుంది. ముందు వస్త్రాన్ని సరిచేసుకుని, కింది పట్టీ తుంటి ఎముకల మీద, పై పట్టీ భుజం మీదుగా ఒంటికి ఆనుకునేట్లు వేసుకోవాలి. అమ్మీ విసుక్కున్నారు. అయినా పెట్టాము.

దేవరకొండ దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. ఇరువైపులా కోసిన పత్తిచేలు, బండరాళ్ల గుట్టలు. అబ్బాయి పాదం బరువెక్కింది. “కొంచెం మెల్లగా” అన్న మా మాట ఏసీ చప్పుడులో కలిసిపోయింది. ఒక మలుపు తిరగగానే రోడ్డు నిండా గొర్రెలు. వాటి మధ్య భుజాన గొంగడి వేసుకున్న ఒక వృద్ధుడు. పాదం కింద బ్రేకు గడగడ కొట్టుకుంది. అది ఏబీఎస్ పనిచేస్తున్న గుర్తు, పాదం తీయకూడదు. అదృష్టవశాత్తు తీయలేదు. బెల్టు అమ్మీని సీటుకు అదిమి పట్టుకుంది. కారు ఆగినప్పుడు ముందరి గొర్రెకూ బంపరుకూ మధ్య రెండు మూరలు లేదు.

ఎవరికీ మాట రాలేదు. ముందుగా అమ్మీ గొంతు వినిపించింది. “దిగు బేటా. వెళ్లి ఆ పెద్దమనిషిని మాఫీ అడుగు.” అబ్బాయి వణుకుతున్న కాళ్లతో దిగి వెళ్లాడు. మేము వాడి వెనుకే నడిచాము. ఆ వృద్ధుడు తిడతాడనుకున్నాము. ఆయన కారు వైపు, వాడి ముఖం వైపు చూసి, “కొత్త బండా బిడ్డా? మెల్లగ పో. తొవ్వ అందరిది” అన్నాడు. తర్వాత గొర్రెలను అదిలించుకుంటూ పక్కకు తప్పుకున్నాడు.

తర్వాత అబ్బాయితో కూర్చుని లెక్క చెప్పాము. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో ప్రమాదం గుర్తించే ఒక్క క్షణంలోనే కారు పదహారు మీటర్లకు పైగా పోతుంది. వందలో దాదాపు ఇరవై ఎనిమిది మీటర్లు. ఆ తర్వాత బ్రేకు పట్టి ఆగే దూరం వేగంతో సమానంగా పెరగదు. అరవైలో కన్నా వందలో అది సుమారు రెండున్నర రెట్లు దాటుతుంది. ఐదు నక్షత్రాలు కారు లోపలున్నవారి కోసం. గొంగడి కప్పుకున్న ఆ వృద్ధునికి ఏ ఎయిర్‌బ్యాగూ లేదు. ఆయనకున్న రక్షణ అంతా మా అబ్బాయి పాదంలోనే ఉంది. వడ్డీ సొమ్ము కలవని కారు అని మేము లోలోపల పొంగిపోతున్నాము. సంపాదన హలాల్ అయినంత మాత్రాన నడక కూడా హలాల్ అయిపోదని ఆ మలుపు దగ్గర తెలిసింది. భూమి మీద వినమ్రంగా నడవమన్న దైవబోధ స్టీరింగు పట్టుకున్నవారికీ వర్తిస్తుంది.

మహబూబ్‌నగర్ చేరాక ముందుగా ఖబరస్తాన్ గోడ పక్కన కారు ఆపమన్నారు అమ్మీ. కిటికీ అద్దం దించి, చేతులెత్తి, అక్క కోసం దుఆ చేశారు. ఏడాదిన్నర ఆలస్యంగా మేము ఆమెను అక్కడికి చేర్చగలిగాము.

ఇప్పుడు మా కారు తాళంచెవి తలుపు పక్కనున్న మేకుకు వేలాడుతుంది. ఏ వేళనైనా ఆసుపత్రికో జనాజాకో కావలసివస్తే తలుపు తట్టమని మా గల్లీలో అన్ని ఇళ్లకూ, మతభేదం లేకుండా, చెప్పి ఉంచాము. ఇప్పటికి రెండుసార్లు తట్టారు. ఒకటి కాన్పు, ఒకటి గుండెనొప్పి. అల్లాహ్ దయవల్ల ఇద్దరూ క్షేమంగా ఇల్లు చేరారు. మామూజాన్ వాయిదాలు సాగుతున్నాయి.

అబ్బాయి ఇప్పుడు దుఆ చదివిగాని తాళం తిప్పడు. అయినా వెనుక సీట్లో తస్బీహ్ తిప్పుకుంటున్న అమ్మీకి నమ్మకం కుదరలేదు. ఊరు దాటగానే అడుగుతారు, “ముల్లు ఎక్కడుంది బేటా?” అని. వాడు నిజం చెబుతాడు. చెప్పేలోగానే ముల్లు కొంచెం కిందికి దిగుతుంది.

అల్లాహ్ మన సంపాదననూ, మన ప్రయాణాలనూ, దారిలో మనకు ఎదురయ్యే వారినీ కాపాడుగాక. ఆమీన్.